అంజన్న పెగ్గు

దీపాలు పెట్టే వేళకు జమున చేతులకు పని లేకుండా పోయింది. అంతకుముందు ఆ వేళకు బత్తాయిలు పిండేది, నిమ్మకాయ కోసేది, గ్లాసు అంచుకు ఉప్పు అద్దేది. ఇప్పుడు అవేమీ లేవు. గూట్లోని గాజు గ్లాసును కిందికి దించుతుంది. పొద్దంతా ఎవరూ ముట్టని గ్లాసు. దాన్ని తోముతుంది, కడుగుతుంది, కొంగుతో తుడుస్తుంది. ఆఖరికి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూస్తుంది. ఏ వాసనా ఉండదు. నమ్మకం కుదరక ఇంకోసారి చూస్తుంది. మళ్లీ గూట్లో బోర్లిస్తుంది.

గోడ అవతల సారక్క ఇల్లు. ఆ గోడ జమునకు గడ్డం దాకా వస్తుంది. సారక్క నోటికి మాత్రం ఎన్నడూ అడ్డం రాలేదు.

"ఏందే జమునా, గా గిలాసను గంతగనం తోముతవ్? అరిగి చీపురు పుల్లంత అయితది. తాగెటోడు లేడాయె, ఎంగిలి లేదాయె."

"దుమ్ము వడుతది సారక్కా."

"బోర్లిచ్చిన గిలాసల దుమ్మెట్ల వడుతదే?"

జమున గ్లాసును కొంగుతో ఇంకోసారి తుడిచింది. ఆమె జవాబు చెప్పకపోవడం వాడకట్టుకంతా అలవాటే కాబట్టి సారక్కే తన ప్రశ్నకు తనే ఏదో చెప్పుకొని లోపలికి పోయింది.

ఆ గ్లాసు జమున పెనిమిటి ఆగయ్యది. కోరుట్ల అంగడిలో తువ్వాళ్లు, లుంగీలు పరిచి అమ్మేవాడు. సిరిసిల్లలో అన్న మైసయ్యకు మరమగ్గాలున్నాయి. వారానికోసారి పోయి, అన్న నేసిన సరుకు మూటగట్టి తెచ్చుకునేవాడు. మాఘమాసంలో ఒక పొద్దున మూట విప్పుతూ విప్పుతూ ఛాతీ పట్టుకొని ఆ లుంగీల మీదనే ఒరిగిపోయాడు. చిలకపచ్చ లుంగీలు. ఎంత బతిమాలినా ఎవరూ కొననివి. అమ్ముడుపోని సరుకు మీద ప్రాణం పోవడమేమిటని జమునకు ఆ ఏడుపులో కూడా కోపం వచ్చింది.

అయితే ఊళ్లో ఆగయ్య పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది లుంగీ కాదు, సీసా. తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చిన రోజు సంతోషంతో తాగి, అంగడి నడుమ ఒక దున్నపోతు మెడలో కొత్త తువ్వాలు వేసి "జై తెలంగాణ అను, అంటెనే విడిచిపెడుత" అని పంతం పట్టాడు. రెండు వారాలు గడిచాయో లేదో ఆ మాట వెనక్కి పోయింది. అప్పుడు దుఃఖంతో తాగి, అదే దున్నపోతు మెడ పట్టుకొని ఏడ్చాడు. తెల్లారి మోరీ కాలువలో ఒక చెప్పు దొరికింది, రెండోది దొరకలేదు. జమున ఆ ఒంటి చెప్పును కడిగి, దేవుని పటం కింద పెట్టింది. పొద్దున దండం పెట్టుకోబోయి దాన్ని చూశాడు ఆగయ్య. అంతే, ఎండాకాలానికి కొండగట్టు పోయి అంజన్న మాల వేసుకున్నాడు. దేవుని ముందర నిలబడి, తెలంగాణ వచ్చేదాకా మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ సారక్క నవ్వింది.

"తెలంగాణ ఎన్నడస్తదో ఎవ్వలకెరుక! ఇగ నీ మొగడు సచ్చెదాక తాగడన్నట్టేనే జమునా."

తర్వాత అట్లాగే అయింది. ఆ మాట తననే అంటుకున్నట్టు సారక్క మళ్లీ ఎప్పుడూ దాన్ని ఎత్తలేదు.

ఒట్టు అయితే పెట్టాడు గానీ దీపాల వేళ వచ్చేసరికి ఆగయ్య చేతులు గ్లాసును వెతికేవి. జమున మొదట ఉత్త నిమ్మరసం ఇచ్చింది. ఒక గుక్క తాగి, "గిది జరమచ్చినోనికి ఇచ్చేదే. నాకు జరం లేదు, నాలుక గుంజుతున్నది" అన్నాడు. మరునాడు తీపి పెంచింది. పెండ్లోళ్ల పానకమని పక్కన పెట్టాడు.

"మరేం గావాలె నీకు?" అంది జమున.

ఆగయ్య ఆలోచించి చెప్పాడు. "గొంతుల దిగేటప్పుడు కొంచెం తిట్టినట్టుండాలె."

ఆ ముక్క జమునకు అర్థమైంది. బెల్లం నీళ్లలో దంచిన అల్లం, మిరియాలు వేసి మరిగించి, దించేముందు చిటికెడు చాయపత్తి వేసింది. చాయపత్తి రంగు కోసం. రంగు లేకుంటే ఆగయ్య కళ్లు ఒప్పుకునేవి కావు. అది చల్లారాక వడగట్టి, రంజన్ కుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టేది. సాయంత్రం బత్తాయిలు పిండేది, ఒక్క గింజ కూడా నలగకుండా. గింజ నలిగితే చేదెక్కుతుంది. అందులో సగం నిమ్మచెక్క పిండి బెల్లం నీళ్లు కలిపేది. పుదీనా ఆకులను అరచేతిలో పెట్టి ఒక్క చరుపు చరిచేది. నలిపితే గడ్డి వాసన వస్తుందని రెండు రోజులు పాడుచేశాక తెలిసింది. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపిన పళ్లెంలో బోర్లించేది. బత్తాయి తొక్కను తెల్లపొర రాకుండా రిబ్బను లాగా పొడుగ్గా తీసి, గ్లాసు మీద మెలిపెట్టి లోపల జారవిడిచేది. అట్లా మెలిపెట్టినప్పుడు తొక్కలోంచి కంటికి కనపడనంత సన్నటి తుంపర పడుతుంది. అసలు వాసనంతా అందులోనే ఉంది.

జమున కత్తికి ఒకచోట పన్ను విరిగి ఉంది. ఆగయ్య తాగి ఉన్న రోజుల్లో ఆ కత్తితో కొబ్బరికాయ కొట్టబోయిన ఫలితం. అప్పటినుంచి దానితో ఏ తొక్క తీసినా పొడుగునా సన్నటి గీత పడుతుంది, లుంగీకి అంచు వేసినట్టు.

అన్నిటికంటే ఆఖరున గోలీసోడా. గ్లాసు గోడ వెంబడి మెల్లగా పోయాలి. సోడా బస్టాండు ముందరి హబీబ్ బండి నుంచి వచ్చేది. హబీబ్ ఆగయ్య దోస్తు. పుట్టి బుద్ధెరిగి మందు ముట్టనివాడు, ముట్టేవాళ్లందరికీ సోడా అమ్మేవాడు. "ఊళ్లె సగం తాగుడు నా సోడా మీదనే నడుస్తది భాభీ. పాపంల నా వాటా సోడా అంత" అని నవ్వేవాడు.

ఆగయ్య గడప మీద కూర్చొని, ముందర పల్లీలు పెట్టుకొని, గోడ మీది అంజన్న పటం వైపు గ్లాసు ఎత్తి చూపి తాగేవాడు. దానికి అంజన్న పెగ్గు అని పేరు పెట్టాడు.

"దేవునికి కోపమస్తది" అంది జమున.

"సముద్రమే దుంకినోడు, గింత దానికి కోపానికి అస్తడా?"

సిరిసిల్ల పోయే రోజు సోడా కలపకుండా, తొక్కతో సహా ఒక నీళ్ల సీసాలో పోసిచ్చేది. సాయంత్రానికి సీసా ఖాళీగా తిరిగొచ్చేది. జమునకు అది చాలు.

ఆగయ్య పోయాక ఆ ఖాళీ సీసాయే ఆమెను పట్టి పీడించింది. దినాలకు వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరూ ఆగయ్య తాగిన కథలే చెప్పుకొని నవ్వి, ఏడ్చి, మళ్లీ నవ్వారు. వాడకట్టు ఆడవాళ్లు, ఏండ్ల అలవాటును ఒక్కసారి ఆపినందుకే గుండె ఆగిందన్నారు. జమున రసమే ప్రాణం తీసిందన్నంత దాకా వచ్చారు. మైసయ్య అందరి ముందూ ఇంకో మాటన్నాడు.

"నా తమ్ముడు మందు మానుడా? ఎవ్వలకు జెప్తున్నరు! జమున ఇచ్చిన రసాన్ని మా మోరీల పోసి, నా పక్కపొంటి కూసోని క్వార్టర్ లేపేటోడు. ఊగుకుంట పాటలు పాడేటోడు. అడుగుండ్రి మా మగ్గాలను."

ఒకరేమో మానినందుకు పోయాడంటారు, ఒకరేమో అసలు మానలేదంటారు. రెండు మాటలూ ఒకదానికొకటి పడవు. అయినా ఒక్క చావు మీద రెండూ చక్కగా సర్దుకొని కూర్చున్నాయి. మొదటి మాటను జమున ఓర్చుకుంది. రెండోదాన్ని ఓర్చుకోలేకపోయింది. అదే నిజమైతే ఇన్ని సాయంత్రాలూ తను చేసింది ఒంటరిగా ఆడుకున్న బొమ్మరిల్లు ఆట. గ్లాసు వాసన చూడటం అప్పుడే మొదలైంది.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో, పెద్దల అమావాస్య పెత్తరమాస వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. బొగ్గు ఆగిపోయి కరెంటు కూడా చుట్టం లాగా వచ్చిపోతోంది. కూతురు పూజ కాపురం జగిత్యాలలో. రావడానికి దారి లేక ఫోన్ చేసింది. ముందురోజు పనిమీద స్కూటర్ మీద జగిత్యాల వచ్చిన హబీబ్ చేతికి ఒక సంచెడు బత్తాయిలు ఇచ్చి పంపానని చెప్పింది.

"పెదబాపు మందే వెట్టాలంటుండట గదనే అమ్మా?"

"సూస్త బిడ్డా."

"ఎప్పుడు సూస్తననే అంటవ్! బాపు దేవుని ముంగట ఒట్టు వెట్టుకున్నడు. ఇయ్యాల మనమే మందు వెడితె, బాపు అబద్ధమాడిండని మనమే ఒప్పుకున్నట్టు. రసమే వెట్టు. లేకుంటె ఆ ఆకుల నా పేరు దల్చకు."

పోయిన ఏడాదిలోపు వచ్చే మొదటి పెత్తరమాస నాడు, పోయినవానికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి పిట్టకు చూపించడం వాళ్ల ఇంటి ఆచారం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. తాగేవాడైతే ఆకు పక్కన మందు పెడతారు. పెట్టకపోతే అలిగి రాడంటారు.

మైసయ్య సిరిసిల్ల నుంచి బండి మీద వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. దారి పొడుగునా రాస్తారోకోలే. ఆపిన ప్రతిచోటా దిగి జై తెలంగాణ అని, కాసేపు కూర్చొని, లేచి వచ్చానన్నాడు. తమ్ముని పెత్తరమాస కాబట్టి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదన్నాడు. మీసంలో ఉప్మా రవ్వ ఉంది. జమున చూసీ చూడనట్టు కాళ్లకు నీళ్లిచ్చింది.

పెరట్లో ఆకు వేశారు. బువ్వ, బోటి కూర, గారెలు. జమున ఆగయ్య గ్లాసులో, మాఘం తర్వాత మొదటిసారి కలిపిన రసాన్ని తెచ్చి పక్కన పెట్టబోయింది.

"గదేంది?" అన్నాడు మైసయ్య.

"ఆయిన తాగేది, బావా."

"ఆడు తాగేది నా కాడున్నది." మైసయ్య లోపలి జేబులోంచి ఒక క్వార్టర్ సీసా తీశాడు. సగం ఉంది. గోధుమరంగు. "ఆఖరుసారి అచ్చినప్పుడు సగం తాగి మగ్గం కింద దాసిపోయిండు. ఎన్ని నెలలాయె, మూత గూడ తియ్యలే నేను. తమ్ముని ఎంగిలని కండ్లకద్దుకొని దాసిన. దుకాణాలన్ని పోరగాళ్లు బంద్ వెట్టిండ్రు, లేకుంటె కొత్తది గూడ తెస్తుంటి."

మైసయ్య ఇంట్లో సగం మందు సీసా ఇన్ని నెలలు మూత తీయకుండా ఉండటం ఆ సమ్మెకంటే పెద్ద వింత. ఆ ఒక్కదానితో మైసయ్యకు తమ్మునిపై ఎంత ప్రేమ ఉందో జమునకు తెలిసింది. కళ్ల ముందు సీసా ఉంది. ఇంకా దేని వాసన చూడాలి?

అయినా పూజ మాట గుర్తొచ్చి, "ఆయిన ముట్టనన్నడు బావా" అంది.

"నీ ముంగట ముట్టలే. నా ముంగట ముట్టిండు. ఆని ఆత్మను ఎండబెడుతవా?"

"రెండు వెట్టు. ఏది గావాలన్నో ఆయినే సూసుకుంటడు." ఆ తీర్పు గోడ మీంచి సారక్క ఇచ్చింది.

రెండూ పెట్టారు. సీసా మూత కాకి వచ్చాక తీస్తానన్నాడు మైసయ్య. కూర్చున్నారు. కాకి రాలేదు. మైసయ్య నోటితో కావు కావు అని అరిచాడు. తర్వాత పెద్దగా అరిచాడు. పక్కింటి కుక్క వచ్చింది. దాన్ని తరిమారు. బువ్వ చల్లారింది, గారెలు గట్టిపడ్డాయి, గ్లాసులో సోడా బుడగలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి.

"సూసినవా? రసం జూసి అలిగిండు" అన్నాడు మైసయ్య.

"అలుగుడేం లేదు," అంది సారక్క గోడ మీద మోచేతులు పెట్టి. "ఇయ్యాల మెయిన్ రోడ్డు మీద వంటావార్పు. ఊరు ఊరంత ఆడనే వండుకొని ఆడనే తింటున్నది. గంజులకు గంజులు బగార దింపుతున్నరు. నీ ఒక్క ఆకు కోసం కాకులు గల్లీలకు అస్తయా? ఆటికి గూడ ఉద్యమమే."

చేసేదేముంది? కాకి రాకపోతే ఆకే కాకి దగ్గరికి పోవాలి. మైసయ్య ఆకును పళ్లెంలో పెట్టి నెత్తిన ఎత్తుకున్నాడు, సీసా మళ్లీ జేబులోకి పోయింది. వెనుక జమున గ్లాసు మీద మూతపెట్టి పట్టుకుంది. ఆమె వెనుక సారక్క, చేతుల్లో ఏమీ లేకుండా నోటినిండా మాటలతో.

రోడ్డు మీద నిజంగానే ఊరుంది. తారు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు, వాటి మీద గంజులు, గంజుల చుట్టూ జెండాలు. కరెంటు లేని తీగల మీద కోరుట్ల కాకులన్నీ వరుసగా కూర్చున్నాయి. పక్కనే దీక్షా శిబిరం. రోజుకు కొంతమంది పొద్దంతా ఉపవాసం కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. ఆ రోజు వంతు హబీబ్‌ది. మెడలో పూలదండ, ముందర దేశంలోని ఘుమఘుమలన్నీ.

"బస్సులు బంద్, సోడా తాగెటోడు లేడు. ఇంట్ల ఊకె ఆకలితోని ఉండేదానికంటె ఈడ దండేసుకొని ఆకలితోని ఉండుడు నయం గద భాభీ" అన్నాడు హబీబ్.

మైసయ్య నెత్తిన ఆకు చూసి గరిటె పట్టుకున్నాయన ఒకడు, "పెద్దమనిషి ఆకు దెచ్చుకున్నడు, ఇంత బగార వెయ్యుండ్రి!" అని గంజు వైపు లాగాడు. కాదు, ఇది పోయినవాళ్ల ఆకు అని చెప్పేలోపే ఆగయ్య బోటి కూర పక్కన ఒక గరిటెడు బగారన్నం పడింది. అది కూడా ఇష్టమేనని జమున ఊరుకుంది.

శిబిరం పక్కన నేల ఊడ్చి ఆకు దించారు. ఒక కాకి తీగ మీంచి మెడ వంచి చూసింది.

"అచ్చె, అచ్చె! ఇగ మందు దియ్యి" అంది సారక్క.

మైసయ్య సీసా తీసి, కళ్లకద్దుకొని, "తాగు తమ్మీ" అంటూ మూత తిప్పాడు.

సీసా బుస్సుమంది. హబీబ్ బండి మీద గోలీ కొట్టినప్పుడు వచ్చే చప్పుడు. నురగ సీసా మెడ దాటి మైసయ్య చేతి మీదుగా తెల్ల పంచె మీదికి దిగింది. శిబిరంలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మైసయ్య చేతిని నాకి, మొహం ముడుచుకొని ఉమ్మాడు.

"థూ! గిదేం మందు? సింతపులుసు కల్లుల వడ్డట్టున్నది!"

హబీబ్ దండ పక్కకు జరుపుకొని వాసన చూశాడు. "మందు కాదు భాయ్. బత్తాయి. పులిసింది."

జమున సీసాను అందుకుంది. నురగతో పాటు మూతి దాకా ఏదో కొట్టుకొచ్చి ఇరుక్కుంది. వేలు పెట్టి లాగింది. పొడుగ్గా, మెత్తబడి, నల్లబడిన తొక్క. దాన్ని అరచేతిలో పరిచి కొంగుతో తుడిచింది. పొడుగునా సన్నటి గీత, లుంగీకి అంచు వేసినట్టు.

"ఇది నా కత్తి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. ఆమె ఒక మాట రెండుసార్లు చెప్పడం సారక్క అప్పుడే మొదటిసారి చూసింది.

"గీత సూడు బావా. నా కత్తికి పన్ను విరిగింది. గా గీత ఇంకెవ్వలి కత్తికి పడది. గిది నేను పోసిచ్చిన రసం."

హబీబ్ చెయ్యి నెత్తిన పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. "అరె ఆగయ్యా! భాభీ రసాన్ని మోరీల పొయ్యలే భాయ్. ఖాళీ క్వార్టర్ సీసల పోసుకొని నీ పక్కన కూసున్నడు. నువ్వు మందు తాగితివి, ఆయిన బత్తాయి తాగిండు."

మైసయ్య పంచె మీది నురగ చుక్కలు చుక్కలుగా తారు మీద పడుతోంది.

"మరి నాతోని సమానంగ ఊగిండు గదరా! కిందవడ్డడు గూడ! నేనే లేవట్టిన!" అన్నాడు. ఇంకేదో గుర్తొచ్చి గొంతు పెరిగింది. "నీ లుంగీలు రెండు ఉతుకులకే జాలీలైతయ్, గా సిలకపచ్చ రంగు ఎవ్వడు గొంటడురా అని నోటికచ్చినట్టు తిట్టిండు! తాగినోని మాటలని ఓర్సుకున్న నేను! గవన్ని సోయిల ఉండే అన్నడా లమ్డీకొడుకు?"

"ఇద్దరికి ఒక్కతే అవ్వ. సూసి తిట్టు," అంది సారక్క.

శిబిరమంతా నవ్వింది. ఆ నవ్వు నడుమ మైసయ్య రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే అడిగాడు.

"నాకెందుకు జెప్పలే జమునా? నేను పరాయోన్నా?"

"మందు బంద్ జేసిన్నని జెప్తె నువ్వు పక్కన కూసోనిస్తుంటివా బావా?"

మైసయ్య ముక్కు చీదుకొని నిజాయితీగా ఆలోచించాడు. "కూసోనియ్యకపోదును. గెదిమేటోన్ని."

"అందుకే జెప్పలే."

హబీబ్ సీసాను ఎండకు ఎత్తి చూశాడు. "ఆగయ్య మానిండు గని, పాపం ఆయిన రసం మానలే. ఇన్ని నెలలు మగ్గం కింద కూసోని ఆఖరికి నిజంగనే కల్లయింది."

"ఆకు సూడుండ్రి, ఆకు!" అని అరిచింది సారక్క.

అందరూ తిరిగేసరికి కాకి అప్పటికే తీగ మీద ఉంది, ముక్కున ఏదో వేలాడుతూ. సీసా కోసం వచ్చిందా, గ్లాసు కోసం వచ్చిందా అని శిబిరంలో రెండు వర్గాలయ్యాయి. "బోటికి ముట్టింది, ఇగ సాలు తియ్యుండ్రి" అని సారక్క తేల్చేసింది. అప్పుడు మైసయ్య లేచి, సీసాలో మిగిలినదాన్ని రోడ్డు పక్కన మట్టిలో పోశాడు. జమున చేతిలోని గ్లాసు తనే తీసుకొని ఆకు పక్కన పెట్టాడు. "ఇదే తాగు తమ్మీ. మళ్ల ఆక్టింగ్ జెయ్యకు," అన్నాడు.

సాయంత్రం శిబిరం వాళ్లకు నిమ్మకాయలు దొరకలేదు. అంగడి బంద్. హబీబ్ ఆకలితో కళ్లు తేలేసి భాభీ వైపు చూశాడు. జమున ఇంటికి పోయి, పూజ పంపిన బత్తాయిలు పిండింది. నిమ్మకాయలు ఇంట్లో ఉన్నవి రెండే. దబ్బకాయ ఒకటి సారక్క పెరట్లోంచి వచ్చింది. మైసయ్య సాయం చేస్తానని కూర్చొని గింజలన్నీ నలిపితే, ఆ బత్తాయి పక్కన పడేసి ఆయన చేతికి పుదీనా ఇచ్చింది. ఆయన దాన్ని నలపబోయాడు.

"సరువాలె బావా. ఒక్కటే సరుపు."

హబీబ్ బండిలో మిగిలిన గోలీసోడాలు ఒక్కటి తప్ప అన్నీ దాంట్లోకే పోయాయి. దీక్ష విరమించినవాళ్లు తాగారు, విరమించడానికి దీక్షే లేనివాళ్లు కూడా తాగారు. మైసయ్య ఒక గుక్క తాగి గొంతు పట్టుకున్నాడు.

"గొంతుల దిగేటప్పుడు తిడుతున్నదేందే ఇది?"

జమునకు నవ్వొచ్చింది. మాఘం తర్వాత అది మొదటి నవ్వు. ఎందుకో చెప్పమని మైసయ్య అడిగాడు, సారక్క అడిగింది. ఆమె గ్లాసులు ఏరుకుంటూ కూర్చుంది.

ఆగయ్య గ్లాసును ఎవరికీ ఇవ్వలేదు. కొంగు చాటున పట్టుకొని ఇంటికి తెచ్చుకుంది. వాడకట్టు ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మలు ఎత్తుకొని కూడలికి పోతున్నారు. ఈ ఏడాది ఆమె ఆడకూడదు. దీపం ముట్టించి, పక్కన పెట్టుకున్న ఒక బత్తాయిని కోసింది. తొక్క తీసింది, గీత చూసుకుంది, మెలిపెట్టింది. అంచుకు ఉప్పు అద్దింది. హబీబ్ పట్టుబట్టి ఇచ్చిన ఆఖరు సోడాను గ్లాసు గోడ వెంబడి పోసింది. ఆగయ్య కూర్చునే చోట, గడప మీద కూర్చుంది. ఇన్నాళ్లూ ఎందరికి కలిపిచ్చినా తనకోసం ఎప్పుడూ కలుపుకోలేదు. అంజన్న పటం వైపు గ్లాసు ఎత్తబోయి, సిగ్గేసి, చుట్టూ చూసి, ఎత్తింది.

మొత్తం తాగింది. తొక్కను కూడా నమిలింది.

గోడ మీద సారక్క తల లేచింది. బతుకమ్మ నెత్తిన పెట్టుకునే ముందు కూడా ఆమెకు ఈ ఇంటి వార్త కావాలి.

"ఏందే, గిలాస గడపల వెట్టి కూసున్నవ్? పొద్దు గూకింది, తోమవా? బెల్లం నీళ్లాయె, సీమలు వడుతయ్."

జమున గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. బత్తాయి, జీలకర్ర, కొంచెం అల్లం.

"పట్టనీ సారక్కా," అంది.

గ్లాసును గూట్లో పెట్టలేదు, బోర్లించలేదు. అక్కడే గడప మీద వదిలేసి, చాప పరుచుకోవడానికి లోపలికి పోయింది. దీపం వెలుగులో మొదటి చీమ అప్పటికే ఉప్పు అంచు ఎక్కింది.